మూడో పట్టా

ట్రంకుపెట్టె తెరవగానే కలరా ఉండల వాసనతో నా మూడో తరగతి పుస్తకం బయటపడింది. దాని అట్ట ఉస్మాన్‌గంజ్‌లో కాగితాలమ్మే కరీం చాచా ఇచ్చిన క్యాలెండర్ ఫోటో: ఆల్ప్స్ మంచుకొండల్లో చిన్న స్టేషన్, కొండెక్కే రైలుదారి. దానికి పట్టాలు మూడు!

మా బాపు పట్టాలు బాగుచేసే రైల్వే గ్యాంగ్‌మన్. "నడిమిట్ల మూడో పట్టా ఏందిరా? ఎవడో దొంగ గీసిండు," అన్నాడు ఆ రోజు అట్ట వేస్తూ.

నేను దుకాణానికి పోయి అందరి ముందూ నిలదీశాను. "చాచా, దొంగ బొమ్మ ఇచ్చినవ్!"

"కసమ్ సే బేటా, అస్లీ ఫోటో," అని ఒట్టేశాడు చాచా.

నమ్మలేదు. నడిమి పట్టాను బ్లేడుతో గీకేశాను. మళ్లీ ఆ దుకాణం మెట్లెక్కలేదు.

చాచా పోయిన చాలా ఏళ్లకు లైబ్రరీలో చదివాను. ఏటవాలులో రైలు జారకుండా ఇంజిన్ పళ్లచక్రం పట్టుకునే పట్టా అట అది. ఎంత పొగరు నాకు! ఆ ఫోటోలో ఉన్న ఒక్క అబద్ధం, నా బ్లేడు గీకిన చోటే.