సగం పెట్టిన గుండీ

మా అపార్ట్‌మెంట్ గేటుకు రంగు వేస్తున్నారు. ఆ ఎనామిల్ వాసన తగిలితే చాలు, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చిలకలగూడలో మా ఇల్లంటే ముందు రేకుల షెడ్డు, వెనక రెండు గదులు. నాన్న సమాధి రాళ్ళ మీద పేర్లు చెక్కేవాడు. ఏడాది పొడుగునా పాలరాతి పొడి మా జడల్లో, ఆరేసిన దుప్పట్ల మీద, అమ్మ క్రిస్మస్‌కు వేయించే గులాబీ పువ్వుల మీద కూడా సన్నగా పరుచుకుని ఉండేది. ఒక ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకంలో ఆయనకు బరోక్ కాలపు ఐరోపా శిల్పాలు కనబడ్డాయి. ఛాతీ దాకానే ఉన్న పాలరాతి మనుషులు, ఏదో అనబోతున్నట్టు కాస్త విడిన పెదవులు, చూపు కోసం కంటిపాపలో తొలిచిన గుంత, కాజాలోంచి సగమే బయటికొచ్చిన కోటు గుండీ. ఆ గుండీని నాన్న భూతద్దం పెట్టి ఎన్నిసార్లు చూశాడో!

మా బడి పెద్దసారు పోయాక కమిటీ వాళ్ళు ఆయన విగ్రహం చెక్కమన్నారు. పెద్దసారు ఎప్పుడూ హడావిడిగా గుండీ సగం పెట్టుకునే వచ్చేవారు కాబట్టి నాన్న పాలరాతిలో కూడా అలాగే చెక్కాడు. ఆ వానాకాలమంతా నేను వేళ్ళు ముడతలు పడేదాకా తడి గరుకు కాగితంతో రాయిని రుద్దాను.

“రాయికి రంగుండదు బిడ్డా, నీడతోనే చూపు తేవాలె,” అన్నాడు నాన్న, విగ్రహం కళ్ళు తొలుస్తూ.

ఆవిష్కరణ రోజు గుడ్డ తీస్తే, పెద్దసారు నిలువెల్లా బంగారు రంగు. ముందురోజే కమిటీ వాళ్ళు పూయించారట.

“తెల్లగుంటే దయ్యం లెక్క కనవడ్తుండె,” అన్నాడు సెక్రటరీ. నాన్న తల ఊపి, తీసిన గుడ్డను మడత పెట్టాడు. పైగా ప్రతి ఏడూ వార్షికోత్సవానికి ముందు తనే రంగు డబ్బా పట్టుకుని బయల్దేరేవాడు.

“నువ్వెందుకు పోతవ్ నాన్నా?” అని ఏడ్చేదాన్ని.

“వేరేటోడైతే మందంగ పూస్తడు. నేనైతే జెర పల్చగ ఏస్త.”

ఆ పిరికితనానికి ఆయన్ని చాలా ఏళ్ళు క్షమించలేకపోయాను.

ఇప్పుడు నాన్న లేడు, షెడ్డూ లేదు. మొన్న బడికి వెళ్ళి చూస్తే కంటి గుంతలు పూడిపోయాయి, గుండీ ఎక్కడుందో వేలికి కూడా తగల్లేదు. రంగు గీకించేద్దాం, మనుషుల్ని నేనే తెస్తానని కొత్త సెక్రటరీని బతిమాలాను.

“గీకితే అండ్ల ఏముంటది మేడమ్? సిమెంటే గద!” అన్నాడాయన.

పాలరాయండీ అన్నాను. ఆయన నమ్మలేదు.