అందరి వెనక సైకిల్

ఫోన్‌లో మొదట వినిపించింది గాలి. ఆ గాలి అడుగున సన్నగా టిక్‌టిక్‌మని ఇంకో చప్పుడు. తొక్కడం ఆపి సైకిల్‌ని దాని మానాన పోనిచ్చినప్పుడు వెనక చక్రం చేసే చప్పుడది. మా చెల్లెలి కూతురు హాలండ్‌లో చదువుకుంటోంది. శని, ఆదివారాలు స్నేహితులతో కలిసి సైకిళ్ల మీద ఉట్రెక్ట్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ దాకా ఊళ్లు చూస్తూ వెళ్లి, దారిలో అందరి వెనకనుంచి తను తీసిన వీడియో పంపింది. మా చెల్లెలు దాన్ని చూసి మొహం ముడుచుకుంది. "ఏందక్కా గిది, అన్నీ ఈపులే ఉన్నయ్. దీని మొఖం యాడుంది?" అంది. ఆ పిల్లకు సైకిల్ నేర్పింది నేను. నాకు నేర్పింది సులోచన మేడం.

సంగారెడ్డిలో నేను ఇంటర్ చదివే రోజుల్లో ఆమె మాకు బోటనీ లెక్చరర్. సన్నగా, పొట్టిగా ఉండేది. పళ్ల మధ్య పిన్నీసు పట్టుకుని, చెంగు దోపుకుని, చీర చిక్కకుండా వెనక చక్రానికి వల కట్టిన సైకిలెక్కి కాలేజీకి వచ్చేది. నేను క్లాసులో ప్రతి మాటకూ ఎదురు చెప్పేదాన్ని. ఒకరోజు ఆమె సుద్దముక్క కింద పెట్టి, "నీ నోటికైతే బ్రేకుల్లేవు. జెర సైకిల్ తొక్కు, దానికన్న ఉంటయ్" అంది. క్లాసంతా నవ్వింది. సాయంత్రం గ్రౌండులో తన సైకిలే నా చేతికిచ్చింది. నెల తిరక్కుండా నన్ను మించి వేగంగా తొక్కేవాళ్లు కాలేజీలో లేకుండా పోయారు. ఈ మాట కూడా నేనే చెబుతున్నాను, కాదనేవాళ్లు వచ్చి వాదించుకోవచ్చు.

పటాన్‌చెరు దగ్గర చిట్కుల్‌లో మేడం చెల్లెలు కిరాయి ఇంట్లో ఉండేది, భర్త ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఒక శనివారం అక్కడికి వెళ్లి, ఆదివారం పటాన్‌చెరు చూసి రావాలని మేడం అనుకుంది. "బస్సు కిటికీలకెల్లి సూస్తే ఊర్లు సూసినట్టా?" అని మమ్మల్ని నలుగురిని వెంట రమ్మంది. ముగ్గురి ఇళ్లలో ఎలాగో ఒప్పుకున్నారు. నాలుగో పిల్ల అనసూయ వాళ్ల నాయన దగ్గర చిక్కొచ్చింది. కొండాపూర్ దిక్కు రైతు ఆయన. పటాన్‌చెరులో షిఫ్టు డ్యూటీ దొరికాక సంగారెడ్డికి మారాడు. "ఆ రోడ్డు మీద లారీలెట్ల పోతయో నాకెరుక మేడం. ఐతారం దీపాలు పెట్టే యాళ్లకు బిడ్డ చౌరస్తల ఉండాలె. లేకుంటే సోమారం సంది దీని చదువు బంద్" అన్నాడు. ఊరికే బెదిరించే మనిషి కాదు. అనసూయ పెద్దక్క చదువు అలాగే ఆగిపోయింది.

చిక్కేమిటంటే, అనసూయకు సైకిల్ వచ్చి ఎన్నో రోజులు కాలేదు. గ్రౌండులో ఎప్పుడూ అందరికన్నా వెనకే ఉండేది, ఎవరైనా తిరిగి చూస్తే తప్పు చేసినట్టు నవ్వేది. బయలుదేరే ముందు మేడం ఆ పిల్ల కిరాయి సైకిల్‌ని తెచ్చి అందరికన్నా ముందు నిలబెట్టింది. "మెల్లగ తొక్కేటామె ముందు. గట్టిగ తొక్కేటామె ఎనుక" అంటూ నన్ను చిట్టచివరికి పంపింది.

"గట్టిగ తొక్కుడు నేర్చుకున్నందుకు శిక్షనా మేడం?" అన్నాను.

"శిక్ష గాదు, డ్యూటీ. అందరి ఈపులు నీకు కనవడాలె. ఒక్కటి కనవడకున్నా బెల్లు కొట్టు."

బొంబాయి రోడ్డు మీద ఆమె మధ్యలో తొక్కుతూ, తల తిప్పకుండానే "ఈపులు కనవడుతున్నయా?" అని అరిచేది. నేను కసిగా బెల్లు కొట్టేదాన్ని. ఇస్నాపూర్ దగ్గర చాయ్ హోటల్ ముందు ఎవరో "దేఖో, లడ్కియోం కీ ఫౌజ్" అని మమ్మల్ని ఆడపిల్లల పటాలం చేసి నవ్వారు. నేను నోరు తెరిచేలోపే ముందునుంచి మేడం గొంతు "బెల్లు కొట్టు, నోరు గాదు" అని వినబడింది. ఆ రాత్రి మేడం చెల్లెలి ఇంట్లో ఒక్క గదిలో వరసగా పడుకున్నాం. పొద్దున్నే షిఫ్టు సైరన్‌కు లేచి, మందుల వాసన వేసే గాలిలో పటాన్‌చెరు బజారంతా తిరిగాం. బస్సు కిటికీలోంచి అదంతా ఒట్టి పొగ గొట్టాలే అనుకునేదాన్ని.

తిరుగు దారిలో ఎదురుగాలి. పడమటి ఎండ కళ్లలో పడుతోంది. అనసూయ ఎంత తొక్కినా సైకిల్ మనిషి నడకలాగే సాగుతోంది. పొద్దు దిగిపోతుంటే ఆగలేకపోయాను. వరస తప్పి మేడం పక్కకు వెళ్లాను.

"గిట్ల పోతే తెల్లారుతది మేడం. నేను ముందుగాల పోయి వాళ్ల నాయనకు చెప్త, వస్తున్నమని."

"ఏమని చెప్తవ్? నీ బిడ్డ ఎనుక పడ్డదనే గద. ఆయనకు గా ఒక్క మాట సాలు. ఎనుకకు వో."

సైకిల్ వేగం తగ్గించి మళ్లీ చిట్టచివరికి వచ్చాను. నిన్నటినుంచి కళ్లముందే ఉన్నా చూడని సంగతి ఒకటి అప్పుడు చూశాను. ముందు నిలబెట్టినప్పటినుంచి అనసూయ వెనక్కి తిరగనేలేదు. జడ కొస నడుములో దోపుకుని, మెడ నిటారుగా పెట్టి, దారంతా తనదే అన్నట్టు తొక్కుతోంది.

సంగారెడ్డి చౌరస్తాకు వచ్చేసరికి దుకాణాల్లో దీపాలు వెలిగి చాలాసేపయింది. వాళ్ల నాయన బ్యాటరీ లైటు పట్టుకుని రోడ్డు మీదే నిలబడ్డాడు. ఆ వెలుగు ముందు అనసూయ మొహం మీద పడింది, తర్వాత వెనక ఒక్కొక్కరి మీదుగా నా దాకా వచ్చింది. మళ్లీ కూతురి దగ్గరికే వెళ్లి ఆగింది.

"మీరంత దీని ఎనుకనే వచ్చిండ్రా?" అన్నాడు.

"ఆమె తెస్తేనే వచ్చినం" అంది మేడం.

ఆయన వంగి సైకిల్ ముందు చక్రం బొటనవేలితో నొక్కి చూశాడు. "గాలి తక్కువున్నది. రేపు కాలేజీకి వోయేటప్పుడు కొట్టిచ్చుకో బిడ్డా" అన్నాడు.

మేడం ఇప్పుడు లేదు. నేను పనిచేసే ఆఫీసులో మీటింగు జరిగితే, నోరు విప్పని మనిషిని ముందు మాట్లాడించి, అందరికన్నా చివర నేను మాట్లాడతాను. అది నాకెంత కష్టమో నన్నెరిగిన వాళ్లకు తెలుసు. మా చెల్లెలు ఇంకా ఫోన్ చూస్తూ సణుగుతూనే ఉంది. నేను ఫోన్ తీసుకుని వీడియో మళ్లీ మొదటినుంచి పెట్టాను. టిక్‌టిక్‌మంటున్న చక్రం, దూరంగా కాలువ పక్కన అందరికన్నా ముందు మెల్లగా తొక్కుతున్న ఎవరో పిల్ల, ఆమె వెనక మిగతావాళ్లు. ఒక్కొక్క వీపూ చూసుకుంటూ వచ్చాను. అందరూ ఉన్నారు.