ముగ్గురి వెంట నాలుగోది

అక్షరాలు నాకు పెన్షన్ మొదలయ్యాక వచ్చాయి. నేర్పింది మా మనవరాలే. ఇది దాని సంగతి.

అది గోల్ఫ్ ఆడుతుంది. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. వాళ్ళమ్మ, అంటే నా కోడలు, ఆఫీసర్ల క్లబ్బులో గడ్డికి నీళ్ళు పట్టే పనికి పోయేది. వెంట పోయిన పిల్ల బంతులు ఏరింది. ఏరుతూ ఏరుతూ కొట్టడం నేర్చింది. దేశం తరఫున ఆడవాళ్ళ జట్టులో పోటీకి విదేశం పోతోందని తెలిసిన రోజు మా క్వార్టర్ల లైనంతా మిఠాయి తిన్నది. జట్టులో ఎంతమందని నేను అడిగేదాకా అంతా బాగానే ఉంది.

"ముగ్గురం, తాతా."

"ముగ్గురేనా? ఇంకొకర్ని కలుపుకోరా?"

"గదే రూలు. రోజూ ముగ్గురం ఆడుతం. మంచిగ ఆడిన ఇద్దరి లెక్కే తీసుకుంటరు. మూడోది పక్కకు పెడ్తరు."

లడ్డు నా చేతిలోనే ఉండిపోయింది.

నేను బొగ్గుబావిలో పనిచేసిన రోజుల్లో, భూమి లోపల మాకొక పద్ధతి ఉండేది. ఏ పనికైనా ముగ్గుర్ని పంపితే, ఒకడు బొగ్గుముక్క తీసి జేబులో వేసుకోవాలి. "నాలుగోడు వచ్చిండు, నడువుండ్రి" అన్నాకే కదిలేవాళ్ళం. ముగ్గురిగా పోతే ఒకరు తక్కువై వస్తారని నమ్మకం. ఒకసారి కప్పు కింద ఆసరాగా కర్ర దిమ్మెలు నిలబెట్టడానికి ముగ్గురం పోయాం. ముక్క మాలో చిన్నవాడి జేబులో ఉంది. "కాకా, వీడు పని చెయ్యడు, ఉత్త హాజరే" అని నవ్వి, తీసి బొగ్గు టబ్బులోకి విసిరాడు. టంగుమన్నది. ఆ షిఫ్టులోనే కప్పు కూలింది. పైకి ఇద్దరం వచ్చాం.

ఇప్పుడు మా ఇంట్లో గ్యాసు పొయ్యే. టీ కొట్టు వెనకాల వెతికి ఒక బొగ్గుముక్క తెచ్చి, గుడ్డపీలికలో కట్టి మనవరాలికిచ్చాను.

"ఏంది తాతా గిది?"

"నాలుగోడు. సంచిల ఏసుకో."

"విమానం కాడ పట్టుకుంటే ఏం జెప్పాలె? మా తాత పంపిన బాడీగార్డు అనాల్నా?"

"ఏమన్న చెప్పు. ఇడిశిపెట్టకు."

"మంచికి పోయే పిల్లతోని గీ మాటలేంది మామా?" అని కోడలు కసిరింది. ఆమె భయం వేరు. నాలుగు రోజుల ఆటలో పిల్ల లెక్క ఒక్కరోజైనా పడకపోతే మళ్ళీ జట్టులో చోటు లేదని ముందే చెప్పారట.

మొదటి రోజు పక్కకు పెట్టింది మా పిల్ల లెక్కనే. కోడలు ఫోన్లో చూసి చెప్పే వేళకి ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు అయింది. అరమీద గిన్నెలు గలగలమన్నాయి. రెండో రోజూ దానిదే. మూడో రోజూ దానిదే. ఆ సాయంత్రం బీపీ గోళీల కోసం అరమీద చెయ్యి పెట్టాను. డబ్బా వెనకాల గుడ్డమూట తగిలింది. పిల్ల మరిచిపోయి వదల్లేదు. విప్పి, చూసి, మళ్ళీ ముడేసింది. నా ముడి అట్లా ఉండదు.

కోడలికి చెప్పలేదు. దాని లెక్క పడాలని అప్పటిదాకా దండం పెట్టుకున్న నేను, పడకపోతే పోనీ, ముగ్గురూ తిరిగొస్తే చాలని మొక్కు మార్చుకున్నాను.

నాలుగో రోజు ఫోను మోగింది. "తాతా, నా లెక్క పడ్డది!"

కోడలు ఏడ్చేసింది. పక్కింటివాళ్ళు గడపలోకి వచ్చారు. నేను ఒక్కటే అడిగాను.

"కడమ ఇద్దరు మంచిగున్నరా?"

అది ఫోను పట్టుకుని బయటికి నడిచినట్టుంది, గాలి చప్పుడు వినపడింది.

"ఒక అక్క పొద్దుగాల ఆడుకుంట ఆడుకుంటనే పడిపోయింది తాతా. దవాఖానకు తీసుకపోయిన్రు. ఇంకా కండ్లు తెరువలే. గందుకే మిగిలిన మా ఇద్దరి లెక్క తీసుకున్నరు." తర్వాత గొంతు తగ్గించింది. "గా మూట ఇంట్లనే ఉన్నదా?"

"ఉన్నది."

"పారెయ్యకు తాతా."

బ్లాస్టింగు అయింది. గోడ మీది సున్నం రాలి నా భుజాన పడింది. ఈ మాటలు వినని కోడలు మిఠాయికి మనిషిని పంపుతోంది. నేను మూట తీసి జేబులో వేసుకున్నాను. వాపసు విమానం ఎందరు ఎక్కుతున్నారో మాత్రం అడగలేదు.