షిరాజ్ దాకా వినిపించిన గొంతు

రాస్కో టాలివర్ ఎదుట ‘అత్యవసర పరిస్థితి’ అన్నవాళ్ల చెవులకు ఇక దేవుడే దిక్కు. బాల్టిమోర్ అగ్నిమాపక దళంలో కెప్టెన్‌గా సైరన్లను మించి అరిచిన మనిషాయన. రిటైరయ్యాక పని లేక పడి ఉన్న ఆ గొంతుకు ప్రభుత్వమే పని కల్పించింది.

ఇరాన్ మీద ఆంక్షలకు ఆధారంగా అమెరికా ఎప్పుడో 1979లో ప్రకటించిన జాతీయ అత్యవసర పరిస్థితిని ఏటా నవంబరులో ఇంకో ఏడాది పొడిగిస్తారు. ఆ వార్త రాగానే ఆయన భార్య ఎర్లీన్ గాజు గ్లాసులు తీసి దాచేస్తుంది.

“గంట మోగితే వెళ్లాలి, ఆర్పాలి, ఇంటికొచ్చి అన్నం తినాలి! అదీ అత్యవసరమంటే!” అని బల్ల గుద్దుతాడు రాస్కో. “నలభై ఏళ్లు దాటి మండేదాన్ని మంటంటారా? పొయ్యంటారు!”

“ఆ పొయ్యి సంగతి తర్వాత. ఈ పొయ్యి మీద చేప మాడుతోంది, జరుగు.”

ఈసారి ఆయన తమ ప్రాంతం నుంచి అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన సభ్యుడి ఆఫీసుకు ఫోన్ చేశాడు. “అత్యవసరం! వెంటనే మాట్లాడాలి!”

“ఏం జరిగింది సార్?” అంది అక్కడి అమ్మాయి కంగారుగా.

“అదేనమ్మా నేనూ అడుగుతున్నది!”

ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది. సాయంత్రం దాకా ఆయన కోపం దిగలేదు. క్షౌరశాలలో ఒకాయన “కాస్త అర్జెంటు” అని ముందు కూర్చోబోతే, ఆ అర్జెంటు ఏ సంవత్సరంలో మొదలైందో చెప్పమని నిలదీశాడు.

ఎర్లీన్ ఇవన్నీ భరించింది. కానీ శుక్రవారం పొద్దున్నే పై అంతస్తు నుంచి ఆయన అరుపులు వినిపించేసరికి ఆవిడకు ఒళ్లు మండిపోయింది. పైన ఉండేది మాహీన్. బట్టలు కుట్టుకుని బతికే ఒంటరి ఇరానీ ఆవిడ. గొంతు పెగిలితేనే గొప్ప.

“ప్రభుత్వం మీద కోపం ఆ పిచ్చితల్లి మీద చూపిస్తున్నాడా!” అని గరిటెతోనే మెట్లెక్కింది.

తలుపు తీసే ఉంది. వంటింట్లో రాస్కో ఫోన్ నోటికి ఆనించుకుని నిలబడ్డాడు. మాహీన్ ఆయన చెవిలో ఏదో గొణిగింది. ఆయన మెడ నరాలు ఉబ్బేలా గర్జించాడు: “దెలమ్ బరాత్ తంగ్ షొదే!”

“ఏమిటయ్యా ఈ ఘోరం?”

మాహీన్ సిగ్గుపడింది. “‘నీమీద బెంగగా ఉంది’ అని మా అక్క తూరాన్‌తో చెబుతున్నారమ్మా. షిరాజ్‌లో ఉంటుంది. వినికిడి యంత్రం పాడైంది. నా గొంతు అక్క చెవికి ఆనదు. కెప్టెన్ గారిదే వినిపిస్తోంది.”

“యంత్రం బాగు చేయించవచ్చుగా?”

“దానికి చిన్న విడిభాగం కావాలి. ఆంక్షలున్నాయి, ఇరాన్‌కి పంపం పొమ్మంది కంపెనీ!” రాస్కో మొహం ఎర్రబడింది. “ఎనభై రెండేళ్ల ముసలమ్మ చెవి చూసి ఈ దేశం వణికిపోతోందట!”

ఫోన్లో తూరాన్ ఏదో అడిగింది. మాహీన్ ఫక్కున నవ్వి ఆయన చెవిలో జవాబు చెప్పింది. ఆయన అర్థం తెలియకుండానే గోడలు అదిరేలా అరిచాడు.

“ఇప్పుడేమన్నాడు?” అంది ఎర్లీన్.

“అబ్బాయికి పెళ్లయిందా అని అడిగింది అక్క. ‘అయింది, మా ఆవిడ బంగారం’ అన్నారు.”

ఎర్లీన్ గరిటె కిందికి దించి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

“మీ అక్కకి సరిగ్గా వినపడలేదేమో” అంది. “ఇంకోసారి అనమనండి.”