గుండీల డబ్బాలో మందుబిళ్ళలు

మా అక్క కాజాలు కుట్టే మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఒకే టైలరింగ్ షాపు, కిటికీ పక్కన ఒకే స్టూలు. చొక్కా చేతిలో పెడితే ఆరు కాజాలు కుట్టేసి, దారం పంటితో కొరికి, "తర్వాతది ఇవ్వవే, నత్తమ్మా!" అనేది. పక్క మిషను మీద నేనింకా కాలర్ దగ్గరే ఉండేదాన్ని.

సూది గుచ్చుకోవడం మా పనిలో మామూలే. వేలు వాస్తే సెలవు అడగాలి. సెలవనే మాట వింటేనే షాపు నడిపే మా మాస్టారికి ఒళ్ళు మండేది. అందుకని గుండీల డబ్బాలో యాంటీబయాటిక్ బిళ్ళలు పెట్టించాడు. వీధి చివర మందుల షాపువాడు చీటీ లేకుండానే ఇచ్చేవాడు, మహానుభావుడు! రెండు వేసుకోవడం, వాపు తగ్గగానే మిగిలినవి మళ్ళీ డబ్బాలో పడెయ్యడం. పొదుపట! గుడ్డముక్కలు దాచినట్టు మందులు దాచుకున్నాం.

మొన్న ఎండాకాలంలో అక్క కుడి బొటనవేలికి సూది దిగింది. అలవాటుగా రెండు వేసుకుంది. మర్నాటికి మణికట్టు దాకా ఎర్రగా ఉబ్బింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నాను.

"యూనిఫాంలు రేపే ఇవ్వాలి కదమ్మా! ఇంకో రెండు వేసుకోమను," అన్నాడు మాస్టారు.

నేను మళ్ళీ మిషను మీద కూర్చున్నాను. నన్ను చెప్పుతో కొట్టాలి. మూడో రోజుకు జ్వరం, చీము. చర్మం నల్లబడింది. అప్పుడు గానీ ఆటో ఎక్కించలేదు.

ఆసుపత్రిలో చీము పరీక్షకు పంపారు. డాక్టరమ్మ రిపోర్టు చూపించింది. "మామూలు మందులేవీ ఈ క్రిమి మీద పనిచెయ్యడం లేదమ్మా. మందు సగంసగం వాడితే చావకుండా మిగిలిన క్రిములు మొండికేస్తాయి. కుళ్ళిన కండ తీసెయ్యాలి."

"చెయ్యి ఉంటుందా అండీ?"

"దానికోసమే చూస్తున్నాం."

చెయ్యి దక్కింది. బొటనవేలు పోయింది. సూది పట్టుకునే వేలు!

మాస్టారు చూడ్డానికొచ్చి, "అంతా ఖర్మ," అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఖర్మ కాదండీ, మీ డబ్బా!" అని వార్డంతా వినబడేలా అరిచాను.

మర్నాడు షాపుకెళ్ళి ఆ డబ్బా బల్ల మీద బోర్లించాను. గుండీలతోపాటు ఒక చిన్న గుడ్డమూట పడింది. అందులో తొమ్మిది బిళ్ళలు. మూటకు కుట్టిన అట్టముక్క మీద "ఎవరికైనా పనికొస్తాయి" అని ఉంది. అక్షరాలు అక్కవి. కుట్టూ అక్కదే.

సాయంత్రం అక్కకు ఆ సంగతి చెప్పకూడదనుకునే వెళ్ళాను. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని తనే అడిగింది.

"ఆ మూటలోవి ఇంకెవరూ వేసుకోలేదు కదే?"