కల్నల్ సాబ్ కోసం కారం బంద్

ఒక కాలేజీని కారం లేని పప్పుతో మూయించవచ్చా అని మీకెప్పుడైనా అనుమానం వస్తే నన్ను అడగండి. నేను మూయించినంత పని చేశాను. విని నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ వీడు పశ్చాత్తాపపడుతూ రాస్తున్నాడని మాత్రం అనుకోకండి. పడాల్సిన సిగ్గంతా అప్పుడే పడ్డాను, మళ్ళీ పడే ఉద్దేశం లేదు.

ఎనభైల నడుమ మాట. హనుమకొండలో సుబేదారి దాటాక, రిటైరైన ఒక మేజర్ గారు పెట్టిన సైనిక కాలేజీ ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళ రైతుల పిల్లలు అక్కడే ఉండి ఇంటర్ చదువుతూ, పొద్దునా సాయంత్రం కవాతు చేస్తూ, సైన్యంలో చేరడానికి తయారయ్యేవాళ్ళు. నేను అర్థశాస్త్రం చెప్పేవాణ్ణి. అయితే భోజనశాలకు అందరికంటే ముందు పోయి అందరికంటే చివర లేచేవాణ్ణి కాబట్టి మేజర్ గారు నన్ను మెస్ ఇన్‌చార్జిని చేశారు. మీసాలు కూడా సరిగ్గా మొలవని వయసులో పెత్తనం దొరికితే మనిషి ఎట్లా తయారవుతాడో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఏడు ఢిల్లీ నుంచి ముగ్గురు అధికారుల కమిటీ వస్తుందని కబురొచ్చింది. మూడు రోజులుండి పాఠాలు, కవాతు, పడకగదులు, తిండి అన్నీ చూస్తారట. బాగుందంటే గుర్తింపు. బాగాలేదంటే ఆఖరి ఏడు పిల్లలు మా కాలేజీ తరఫున ఎంపిక పరీక్షకు కూర్చోవడానికి వీల్లేదు. వాళ్ళలో పరకాల దగ్గరి సమ్మయ్య అనే పిల్లవాడికి అది ఆఖరి అవకాశం, మరుసటి ఏడుకు వయసు దాటిపోతుంది. వాడు నిద్రలో కూడా కవాతు చేసే రకం. వాడి ముఖం చూసినప్పుడల్లా ఈ కమిటీని ఎట్లాగైనా మెప్పించాలని నా మనసు కొట్టుకులాడేది.

ఎవరి పని వాళ్ళు మొదలుపెట్టారు. కొందరు గోడలకు సున్నం వేశారు, కొందరు బూట్లకు మెరుగు పెట్టారు. నేను బుర్ర పెట్టాను. అక్కడే వచ్చింది చిక్కు.

మా చిన్నాయన ఒకసారి చెప్పాడు, ఉత్తరాది ఆఫీసరు ఒకాయన మన దగ్గర మామిడికాయ పచ్చడి తిని నేరుగా దవాఖానలో తేలాడని. మా చిన్నాయన చెప్పేవాటిలో సగానికి సగం కోసి పారేయాలని ఊరంతటికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆ రోజు మాత్రం ఆయన మాట నాకు వేదవాక్కులా తోచింది. కమిటీ పిల్లలతో పాటు అదే వరుసలో కూర్చుని, అదే గిన్నెలోది తింటుందని నియమం. అంటే వాళ్ళకోసం వేరే వండటం కుదరదు. కాబట్టి ఆ మూడు రోజులూ కాలేజీ మొత్తానికీ కారం బంద్ చేద్దామని తేల్చుకున్నాను.

వంట చేసే రాజవ్వకు ఈ మాట చెప్పేసరికి ఆమె గరిటె కింద పెట్టింది.

"ఏంది సారూ, కారం లేకుంట కూరెట్లయితది? పిల్లలు తింటరా, పారవోస్తరా?"

"మూడు దినాలే గద అవ్వా, జర ఓర్చుకో."

"నాకేం ఫికర్? ఓర్చుకునేది పోరగాండ్లు."

ఆమె మీద నమ్మకం లేక, ఎనుమాముల మార్కెట్ నుంచి తెచ్చిన మిరపకాయల బస్తానూ కారప్పొడి డబ్బాలనూ నా గదిలో పెట్టుకుని తాళం వేశాను. రాత్రంతా తుమ్ముతూ పడుకున్నాను. దేశసేవ అంటే ఇట్లాంటి కష్టాలుంటాయని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

కమిటీ వచ్చింది. పెద్ద ఆయన కల్నల్, గుబురు మీసాలు, నవ్వంటే ఏమిటో మరిచిపోయిన ముఖం. మొదటి రోజు భోజనంలో ఉడకబెట్టిన సొరకాయ, చప్పటి పప్పు, చప్పటి చారు వడ్డించాం. కల్నల్ సాబ్ రెండు ముద్దలు తిని మంచినీళ్ళు తాగి లేచాడు. పెద్దవాళ్ళు మితంగా తింటారని నేను మురిసిపోయాను. పిల్లలు మాత్రం ఎవరో చచ్చిన ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. సమ్మయ్య పప్పును తేరిపార చూసి, జరమొచ్చినోనికి పెట్టే తిండి మాకెందుకు పెడుతున్నారని పక్కవాణ్ణి అడగడం విన్నాను. విననట్టే ఉన్నాను.

రెండో రోజు వింత జరిగింది. అదే చప్పటి పప్పు, కానీ పిల్లలు లొట్టలు వేసుకుంటూ తిన్నారు, మళ్ళీ వడ్డించుకున్నారు కూడా. సైనిక క్రమశిక్షణ అంటే ఇదీ అని నేను మేజర్ గారి దగ్గర నా గురించి నేనే కొంచెం గొప్పగా చెప్పుకున్నాను. ఆయన నా భుజం తట్టారు. ఆ తట్టుడు ఒక్క పూట కూడా నిలవలేదు.

మూడో రోజు పొద్దున సామాను తనిఖీ. పిల్లలు మైదానంలో వరుసగా నిలబడ్డారు. జేబుల్లో చేతులు పెట్టుకుంటారని మేజర్ గారు మా పిల్లల ప్యాంటు జేబులు కుట్టించేశారు. వాళ్ళ ఒంటిమీద ఏదైనా దాచుకునే చోటంటూ ఉంటే అది నడుం బెల్టుకుండే చిన్న సంచి ఒక్కటే. అసలు సైనికులు అందులో తూటాలు పెట్టుకుంటారు. మాకు తూటాలు లేవు కాబట్టి అది ఖాళీగా ఉండాలి.

కల్నల్ సాబ్ సమ్మయ్య ముందు ఆగి సంచి తెరవమన్నాడు. లోపలినుంచి దారంతో కట్టిన కాగితం పొట్లం బయటపడింది. పక్కవాడి సంచిలోనూ అట్లాంటిదే. ఆ పక్కవాడిదీ అంతే. బూట్లలో తేడాలున్నాయి, టోపీల్లో తేడాలున్నాయి, పొట్లాల్లో మాత్రం వెంట్రుకవాసి తేడా లేదు. కల్నల్ సాబ్ ఒకటి విప్పి, వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాడు. మేజర్ గారి ముఖం సున్నం కొట్టిన గోడలా అయింది.

ఏమిటిదని కల్నల్ హిందీలో అడిగాడు. ఆ మాటలన్నీ హిందీలోనే నడిచాయి, మీకోసం మన మాటలో చెబుతున్నాను.

"ఎల్లిపాయ కారం సర్," అన్నాడు సమ్మయ్య, గడ్డం పైకెత్తి.

"ఎందుకు?"

"అన్నంల కలుపుకోనీకి సర్."

"మెస్‌లో పెట్టరా?"

"రోజూ పెడ్తరు సర్. మీరొచ్చిన కాడ్నించి బంద్ వెట్టిన్రు."

పొట్లాలన్నీ ఒకే చేతి కట్టు. రాజవ్వ ఇంటి దగ్గర నూరుకొచ్చి, తనే పొట్లాలు కట్టి పంచిందని నాకప్పుడు అర్థమైంది. నాతో ఒక్క మాట అననేలేదు, మహాతల్లి. కల్నల్ సాబ్ మేజర్ గారి వైపు తిరిగి, తనిఖీలో దొంగతనంగా సరుకు దాచడం ఎంత పెద్ద తప్పో తెలుసా, దీనిమీదే గుర్తింపు ఆపగలను అన్నాడు. సమ్మయ్య గడ్డం ఇంకా పైకే ఉంది గానీ కింది పెదవి వణుకుతోంది.

అది చూశాక నాకెక్కడ లేని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు, కొంత నా మీద, చాలావరకు ఆ మీసాల మీద. ముందుకు నడిచాను.

"సాబ్, పిల్లల తప్పేం లేదు. వాళ్ళ కారం గుంజుకున్నది నేను. మీకు భయపడి గుంజుకున్న. మీరు రాకముందు మా పిల్లలు కడుపునిండ తినెటోళ్ళు. తీసేస్తే నన్ను తీసెయ్యిన్రి, వాళ్ళ పరీక్ష జోలికి పోకున్రి."

కల్నల్ సాబ్ నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"నేను కారం తిననని నీకెవరు చెప్పారు?"

మా చిన్నాయన అని చెప్పడానికి నోరు రాలేదు.

"మాది రాజస్థాన్. మా ఇంట్లో మిరపకాయలు నూరుకుని రొట్టెతో తింటాం. రెండు రోజులుగా మీరు పెట్టింది తిని, పిల్లలకు రోజూ ఇదే పెడుతున్నారనుకున్నాను. ఈ తిండి తిని ఎవరూ సైనికుడు కాలేడు, గుర్తింపు ఇవ్వొద్దని నిన్ననే నిర్ణయించుకున్నాం."

చూశారా. కాలేజీని కాపాడుతున్నానని నేను మురుస్తూ తిరిగిన ఆ రెండు రోజుల్లోనే దాన్ని గంగలో కలిపేశాను. ఆ పొట్లాలు బయటపడకపోతే ఎందుకు మునిగామో కూడా మాకు తెలిసేది కాదు.

మధ్యాహ్నం మీరు రోజూ తినేదే పెట్టండి అన్నాడాయన. నేను పరుగెత్తి నా గది తాళం తీశాను. రాజవ్వ మూడు రోజుల కసి అంతా ఆ పూట కూరలో చూపించింది. కమిటీలో మిగతా ఇద్దరు బిందెడు నీళ్ళు తాగారు. కల్నల్ సాబ్ ముక్కు తుడుచుకుంటూ, కళ్ళు ఒత్తుకుంటూ, మూడుసార్లు వడ్డించుకున్నాడు. మీసాల చాటున నవ్వు ఉందని అప్పుడే కనిపెట్టాం.

సాయంత్రం వరండాలో అందరి ముందూ చెప్పాడు, కాలేజీకి గుర్తింపు ఇస్తున్నామని. సమ్మయ్య నిలబడ్డచోటనే ఏడ్చేశాడు. అయితే ఒక్క షరతు, మెస్ ఇన్‌చార్జిని ఈ పూటే మార్చాలన్నాడు. మేజర్ గారు ఆయన మాట పూర్తికాకముందే మార్చేశానన్నారు. పిల్లల నుంచి పట్టుకున్న పొట్లాలు తిరిగి ఇచ్చేయమంటారా అని కూడా వినయంగా అడిగారు.

"కుదరదు. అవి సాక్ష్యం," అని కల్నల్ సాబ్ అన్నింటినీ తన బ్యాగులో వేసుకుని జీపెక్కాడు.

ఆ జీపు లేపిన దుమ్ములో నిలబడి నేను గంభీరంగా ఒక ప్రతిజ్ఞ చేశాను, ఇప్పటికీ తప్పలేదు. మమ్మల్ని పరీక్షించడానికి ఢిల్లీ నుంచి వచ్చినా, దేవలోకం నుంచి వచ్చినా, మేం తినేదే పెడతాను. కళ్ళ నీళ్ళు కారితే తుడుచుకోవడానికి తువ్వాలు ఇస్తాను. కారం మాత్రం చిటికెడు కూడా తగ్గించను.