బావ జేబులో బ్యాటరీ

మొన్న మధ్యాహ్నం నా సెల్‌ఫోను వీపు ఉబ్బింది. నూనెలో పూరీ పొంగినట్టు ఒక పక్క అద్దం పైకి లేచి, ఆ సందులోంచి సన్నటి చీకటి గీత కనిపించింది. చూడగానే నా చేతిలోని అన్నం ముద్ద కంచంలోకి జారిపోయింది. దాన్ని రుమాల్లో చుట్టి, చెయ్యి చాపి ఒంటికి దూరంగా పట్టుకుని, బండి కూడా ఎక్కకుండా గోదావరిఖని చౌరస్తా దాకా ఎండలో నడిచే వెళ్లాను. దారిలో ఎదురైన వాళ్లు చచ్చిన ఎలుకను పారేయడానికి పోతున్నాననుకుని పక్కకు తప్పుకున్నారు.

రిపేరు కొట్టతను దాన్ని తిప్పి చూసి, వేడిగాలి ఊదే మిషను ఒకటి తీసి దాని వీపు మీద పెట్టబోయాడు. జిగురు కరిగితే గానీ మూత రాదట. ఉబ్బిన బ్యాటరీకి వేడి పెట్టడమనే మాట చెవిన పడగానే నా కాళ్లు నన్ను అడక్కుండానే రోడ్డు దాటేశాయి. అవతల అరటిపళ్ల బండి చాటున నిలబడి, గోరుతో మూత లేపి బ్యాటరీ తీసెయ్యరాదా అని కేకేశాను. అతను నవ్వాడు.

"గోరుతోని తీసే కాలం పోయింది పెద్దయ్యా. ఇప్పుడన్నీ లోపల అతికిచ్చే పెడుతుండ్రు."

ఆ మాట వినగానే నా తొడ చురుక్కుమంది. నిజానికి కాలింది నా తొడ కాదు, మా బావది. ఇన్నేళ్లయినా చురుకు మాత్రం నాకు కూడా వస్తూనే ఉంది.

నన్ను ఎరిగిన వాళ్లు నా మాటల్లో పావు వంతు నమ్మి ముప్పావు వంతు నవ్వుకుంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. నేను పనిచేసిన బొగ్గుబాయిలో ఎలుకలు నా టిఫిన్ డబ్బా మూత తీసి, కూర మాత్రం తిని, అన్నం సర్ది, మళ్లీ మూత పెట్టి వెళ్లాయని చెప్పినవాణ్ణి నేనే. వాటిలో ఒకటి కారం ఎక్కువైందని మరునాడు నా వైపు కోపంగా చూసిందని కూడా చెప్పాను. మా గ్యాంగులో పని కష్టాన్ని మరిపించడానికి ఇలాంటివి ఎన్ని చెప్పానో లెక్కలేదు. ఈ ముచ్చటకు మాత్రం రంగు వెయ్యను, జరిగింది జరిగినట్టే చెబుతాను.

మా ఈడువాళ్లకు ఆ రోజుల ఫోన్లు గుర్తుండే ఉంటాయి. టచ్ ఫోన్లు కొత్తగా వచ్చినా వీపు మాత్రం ఇంకా పాతవాటిలాగే ఊడొచ్చేది. మూలన ఉన్న చిన్న గాడిలో గోరు దూర్చి లేపితే టక్కున మూత వచ్చేది, దాని కింద బ్యాటరీ, బ్యాటరీ కింద సిమ్ము. చెయ్యి జారి కింద పడితే మూడు ముక్కలై మూడు మూలలకు పోయేది. మంచం కిందకి దూరి ఏరుకొచ్చి మళ్లీ అమర్చితే ఏమీ జరగనట్టు పాట పాడేది. ఫోను మొండికేస్తే బ్యాటరీ తీసి, ఒకసారి నోటితో ఊది, మళ్లీ పెట్టడమే దానికి వైద్యం. బ్యాటరీ ఉబ్బిందా లేదా అని తెలుసుకోవడానికి దాన్ని బల్ల మీద పెట్టి బొంగరంలా తిప్పేవాళ్లం. మంచిదైతే తిరగదు, కడుపు లేచిందైతే గిర్రున తిరుగుతుంది. బాయి ముందున్న చాయ హోటల్లో ఎవరి బ్యాటరీ ఎక్కువసేపు తిరుగుతుందో చూసి చప్పట్లు కొట్టుకునేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే ఆ చప్పట్లకే భయమేస్తుంది.

బొగ్గుబాయి లోపలికి బీడీ, అగ్గిపెట్టె, సెల్‌ఫోను తీసుకుపోకూడదన్నది బాయి పనిచేసే ప్రతివాడికీ మొదటిరోజే నేర్పే సంగతి. కింద గ్యాసు ఉంటుంది, నిప్పురవ్వ చాలు. అందుకని బాయిలోకి దిగేముందు అందరం ఫోన్లు ఆ చాయ హోటల్లో పెట్టి పోయేవాళ్లం. హోటలతను మంచివాడే గానీ, మేం కిందికి దిగగానే మా ఫోన్లలో వీడియోలు చూసేవాడు. పైకొచ్చేసరికి ఛార్జింగు అయిపోయి ఫోన్లన్నీ చచ్చి పడుండేవి. దానికి మా బావ ఒక ఉపాయం కనిపెట్టాడు. ఫోను హోటల్లో ఇచ్చి, బ్యాటరీ మాత్రం తీసి తన జేబులో వేసుకునేవాడు. ఫోనైతే లోపలికి పోలేదు కదా, ఇక తప్పెక్కడుందన్నది ఆయన లెక్క. ఆ లెక్క మాకెవ్వరికీ తప్పనిపించలేదు. నాలుగు రోజుల్లో సగం గ్యాంగు అదే నేర్చుకుంది.

బావ అంటే మా అక్క మొగుడు. మా ఇద్దరిదీ ఒకే గ్యాంగు, బాయి పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని. మా క్వార్టర్ల లైన్‌లో పెద్ద టచ్ ఫోను మొదట కొన్నది ఆయనే. దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకునేవాడు. అసలు బ్యాటరీ పాడైతే బెల్లంపల్లి సంతలో డూప్లికేటు ఒకటి కొన్నాడు. అది కూడా త్వరలోనే కడుపు ఉబ్బి, మూత పట్టక, ఫోనుకు రబ్బరుబ్యాండు వెయ్యాల్సి వచ్చింది. ఆ ఫోనును పిల్లలు పడుకునే మంచం మీద పెట్టొద్దని మా అక్క గొడవ పెట్టేది. అక్క మాట మేమిద్దరం వినలేదు. బావ దానికి చూపించిన జాగ్రత్తల్లా బ్యాటరీని చిన్న ప్లాస్టిక్ కవరులో చుట్టి జేబులో వేసుకోవడమే.

ఆ రోజు వానాకాలపు మొదటి షిఫ్టు. కవరు చిరిగిపోయిందో, ఉతుకులో పోయిందో, బావ ఉత్త బ్యాటరీనే జేబులో వేసుకున్నాడు. వానకు బండి షెడ్డులో పెట్టి, తాళంచెవుల గుత్తి కూడా అదే జేబులోకి తోశాడు. బాయి మూతి దగ్గర మైసమ్మకు దండం పెట్టుకున్నాం. తనిఖీ చేసే అన్న మా ఒళ్లు తడిమాడు. బావ జేబులో గట్టిగా తగిలినదాన్ని జర్దా డబ్బీ అనుకుని వదిలేశాడు. బాయిలో బీడీ లేదు కనుక జర్దా నమలని వాడు తక్కువ. అలా తనిఖీ దాటింది.

లోపలికి నడుస్తూ బావ నడుముకున్న ల్యాంపు బ్యాటరీని చూసిన గుర్తు నాకు బాగా ఉంది. మా టోపీ దీపాలకు నడుము దగ్గర పెద్ద బ్యాటరీ ఉండేది, దానికి తాళం. ల్యాంపురూము వాళ్లు తప్ప దాన్ని ఎవరూ తెరవకూడదు, తెరిస్తే రవ్వ పుడుతుందని. అంత జాగ్రత్తగా తాళం వేసిన బ్యాటరీ నడుముకి, తాళం లేని బ్యాటరీ తొడకి, రెంటినీ ఒకే మనిషి మోసుకుంటూ పోతున్నాడు. ఆ సంగతి నాకు తట్టలేదు. నేనప్పుడు ఎలుకల కథ చెబుతున్నాను.

మా సర్దారు మా నాయనతో పనిచేసినాయన, అందుకని ఆయన్ని కాక అనేవాణ్ణి. పని మొదలుపెట్టే ముందు గ్యాసు చూడటం సర్దారు పని. మంట బయటికి రాకుండా జాలీ బిగించిన చేతి దీపాన్ని ఆయన మెల్లగా పైకప్పు దాకా ఎత్తాడు. లోపలి చిన్న మంట మీద టోపీలా నీలం మంట లేచింది. ఆ టోపీ ఎంత ఎత్తు లేస్తే గ్యాసు అంత ఎక్కువ. గ్యాసుంది, పరదా కట్టి గాలి మళ్లించేదాకా ఎవరూ ముందుకు రావొద్దని కాక చెప్పి, మమ్మల్ని వెనక దారులు కలిసే జంక్షన్‌లో కూర్చోమన్నాడు. కూర్చున్నాం. బొగ్గుకు వీపు ఆనించి నేను కథ మళ్లీ ఎత్తుకోబోతుంటే, బావ మెల్లగా నా భుజం మీద చెయ్యి వేశాడు.

"బామ్మర్ది, తొడ కాలుతంది."

జర్దా చేతికి బదులు తొడకి రాసుకున్నావేమో అన్నాను. ఆయన నవ్వలేదు. నా టోపీ దీపం ఆయన ముఖం మీద పడింది. చెమట ధారలుగా కారుతోంది. ఆయన చూపు జేబు మీదే ఉంది. అప్పుడు తట్టింది నాకు. తాళంచెవులు బ్యాటరీ మూతి దగ్గరి రేకులకు అడ్డం పడి షార్టయింది. జేబులోంచి లాగితే ఇనుము జరిగి రవ్వ లేస్తుంది. లాగకపోతే ఉబ్బిన కడుపు పగిలి మంటే లేస్తుంది. కొంచెం ముందుకు పోతే నీలం టోపీ ఉంది.

ఆ క్షణంలో నా లోపల ఏం జరిగిందో చెప్పడానికి ఎన్నిసార్లు ప్రయత్నించానో. మా అక్క ముఖం కనిపించింది, తెల్లారి ఇద్దరికీ కట్టిచ్చిన టిఫిన్ డబ్బాలు కనిపించాయి. పక్కన కూర్చున్న మిగతావాళ్లు ఏమీ ఎరగక జర్దా నలుపుకుంటున్నారు. అరిస్తే గాభరాలో బావ చెయ్యి జేబులోకి పోతుందని భయం. అరవకపోతే ఇంకా భయం. లేచి, పరుగెత్తకుండా, పరదా గుడ్డ విప్పుతూ కూర్చున్న కాక దగ్గరికి నడిచాను. ఆయనకు చెప్పగలిగింది రెండే ముక్కలు.

"బావ జేబుల బ్యాటరీ ఉంది కాక. కాలుతంది."

కాక నా ముఖం వైపు ఒక్కసారి చూసి లేచాడు. మిగతావాళ్లను వెనక్కి, పైకి నడవమని చేత్తో చూపాడు. బావ ముందు వంగి, అరచెయ్యి కాకుండా చేతి వెనకవైపు ప్యాంటు మీద ఆనించి చూశాడు, పసిపిల్లకు జ్వరం చూసినట్టు. వెంటనే చెయ్యి తీసేశాడు.

"చెయ్యి జేబుల పెట్టకు బిడ్డ. ఎంత కాలినా పెట్టకు. నా ఎంబడి నడువ్."

బయటి నుంచి మంచి గాలి లోపలికి వచ్చే దారి వైపు నడిచాం. కాక ముందు, బావ మధ్యలో, నేను వెనక. బావ రెండు వేళ్లతో ప్యాంటు గుడ్డను తొడకు దూరంగా లాగి పట్టుకుని, కాలు ఈడుస్తూ నడిచాడు. నా దీపం ఆ జేబు మీదే నిలిపాను. ఎప్పుడు వెలుగుతుందా అని చూస్తున్నానో, వెలగకుండా చూపుతో ఆపుతున్నానో నాకే తెలియదు. ఆడపిల్లలు వేసుకునే గోళ్ల రంగు లాంటి తియ్యటి వాసన ఒకటి వచ్చింది. బాయిలో అలాంటి వాసన నేనెప్పుడూ ఎరగను. మైసమ్మకు ఏమేమి మొక్కుకున్నానో ఇప్పుడు గుర్తులేదు, కొన్ని ఇప్పటికీ చెల్లించి ఉండను. బావ నోట్లోంచి సన్నగా మూలుగు వస్తోంది. చెయ్యి మాత్రం జేబు వైపు పోలేదు.

ముఖానికి చల్లగాలి తగిలింది. కాక దీపం ఎత్తి చూశాడు. మంట నిటారుగా, ఎర్రగా ఉంది. నీలం లేదు. అప్పుడు గానీ ఆయన ప్యాంటు విప్పమనలేదు. అక్కడ గోడకు నిప్పు ఆర్పే ఇసుక బకెట్లు వేలాడుతుంటాయి. నేను ఒకటి దింపాను. బావ ప్యాంటును కాక మూటలా పట్టి బకెట్లో వేసి, పైన ఇంకో బకెట్ ఇసుక బోర్లించాడు. ముగ్గురం వెనక్కి జరిగి నిలబడ్డాం. లోపల సుయ్యిమని ఏదో పలికింది. ఇసుక మధ్యలో ఉబ్బి, పగిలి, సన్నటి తెల్లపొగ లేచింది. జంక్షన్‌లోనే కూర్చుని ఉంటే ఆ పొగ ఎక్కడ లేచి ఉండేదో ముగ్గురికీ తెలుసు.

ఉత్త డ్రాయరుతో, తొడ మీద బ్యాటరీ అంత కాలిన అచ్చుతో బావ పైకొచ్చాడు. దవాఖానకు పోయే దారంతా నేను ఆయన చెయ్యి వదల్లేదు. మా అక్క ఆ ఫోనును చాయ హోటలు నుంచి తెప్పించి, రబ్బరుబ్యాండుతో సహా రోకలితో నలగ్గొట్టింది. కాక జరిగింది దాచలేదు, పైవాళ్లకు చెప్పాడు. బావ కొన్నాళ్లు ఇంట్లో కూర్చున్నాడు. తిరిగి డ్యూటీలోకి వచ్చాక, కాక అడిగి మరీ ఆయన్ని బాయి మూతి దగ్గర తనిఖీ అన్న పక్కన నిలబెట్టించాడు. వచ్చిన ప్రతివాణ్ణి బావ ఒకటే అడగాలి, బ్యాటరీ ఉందా అని. మొదటి రోజున ఎంతమంది జేబుల్లోంచి బ్యాటరీలు బయటికొచ్చాయో చూసి, వెళ్లి మైసమ్మకు ఇంకోసారి దండం పెట్టుకున్నాను.

అబద్ధాలకోరు మాట ఎట్లా నమ్మావని తరవాతెప్పుడో కాకను అడిగాను. ఎప్పుడు నోరు తెరిచినా ఊరంత కథ చెప్పేటోనివి, ఆ దినం రెండు ముక్కలే చెప్పినవ్, గందుకే లేచిన అన్నాడు. కాక ఇప్పుడు లేడు.

అరటిపళ్ల బండి చాటున నేనింకా ఇవే తలుచుకుంటుండగా, రిపేరు కొట్టతను అవతలి నుంచి చెయ్యి ఊపి పిలిచాడు. పాత బ్యాటరీ తీసి ఇసుక పోసిన డబ్బాలో పెట్టాడు. అది చూశాకే రోడ్డు దాటాను. కొత్త బ్యాటరీ వేయించుకుని ఇంటికొస్తూ, ఇప్పుడు బెల్లంపల్లిలో ఉన్న బావకు ఫోను చేసి అంతా చెప్పాను. ఆయన అడిగిన మొదటి మాట, ఇసుకల పెట్టిండా అని.

బాయి మూతి దగ్గర బ్యాటరీ ఉందా అని ఇప్పటికీ అడుగుతున్నారట. కొత్తగా చేరిన పిల్లలకు అది ఎందుకో అర్థం కాదు, ఫోను నుంచి బ్యాటరీ ఎట్లా ఊడొస్తుందని నవ్వుతారట. నవ్వనీ. బ్యాటరీని విడిగా జేబులో వేసుకునే దారే లేకుండా చేశారు కనుక మా బావ తప్పు ఇక ఎవరూ చెయ్యలేరు, మంచిదే. కానీ వెనకటికి భయం వేస్తే గోరుతో మూత లేపి, భయాన్ని తీసి బల్ల మీద పెట్టి, తిరుగుతుందో లేదో చూసుకునేవాళ్లం. ఇప్పుడది అద్దం వెనక జిగురులో ఉంది. రోజుకు నాలుగుసార్లు ఫోను బోర్లించి, కాక చూసినట్టే, చేతి వెనకవైపు దాని వీపుకు ఆనించి చూస్తున్నాను. చల్లగానే ఉంటుంది. అయినా చెయ్యి వెంటనే తీసెయ్యబుద్ధి కాదు.